ఎడమ చేతి బ్రేకు

అక్కా,

మళ్ళీ ఆ బోర్డు గోలే. ఏటా మా సైకిలు రేసుల జట్టు చలికాలం క్యాంపులో నాకు ఇదే తంతు. హోటలు వాళ్ళ భోజనాల హాల్లో టేబుళ్ళు పక్కకి జరిపి, తెల్లబోర్డు నిలబెట్టి, పన్నెండు నెలలకి పన్నెండు గళ్ళు గీసి, మా డైరెక్టరు రంగు కాగితాలు అంటించడం మొదలుపెడతాడు. ఎవరు ఏ రేసుకి వెళ్ళాలి, ఎవరు ఎక్కడ గెలవాలి, ఎవరు ఎవరికి నీళ్ళ సీసాలు మోయాలి, అంతా అందులోనే. మన ఊరి బడిలో టైంటేబులు కూడా ఇంత శ్రద్ధగా వేసేవాళ్ళు కాదు. నా చదువు అలా తగలడ్డానికి అదే కారణమని నేను ఇప్పటికీ అంటాను.

నీ కొడుక్కి ముప్పై ఎనిమిది నిండాయి. జట్టులో వాడి పేరు 'తాత'. తాతకి మామని ఏమని పిలవాలో తోచక నన్ను 'మామ' దగ్గరే వదిలేశారు. వాడి గళ్ళలో డైరెక్టరు ఈసారి అన్నీ చదును రోడ్ల రేసులే అంటించాడు. "తాతా, ఇదే నీ ఆఖరి ఏడు. హాయిగా తిరుగు, జనానికి చెయ్యూపు, దిగిపో" అన్నాడు.

వాడు లేచి బోర్డు దగ్గరికెళ్ళి ఎండాకాలం గడి మీద వేలు పెట్టాడు. "నాకు ఇది కావాలి. మూడు వారాల కొండల రేసు."

"దేనికి?"

"అందులో ఆ కనుమ దారి ఉంది."

ఏ కనుమో హాల్లో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట ఆ దిగుడులో మూడో మలుపు దగ్గరే గదా వాడు రోడ్డు వదిలి రాళ్ళలో పడింది. ఎడమ భుజం విరిగి ఆర్నెల్లు నీ ఇంట్లోనే మంచం మీద ఉన్నాడు.

"గెలుస్తావా?" అన్నాడు డైరెక్టరు.

"గెలవను. పడ్డచోట పడకుండా దాటుతాను. అంతే నా లక్ష్యం."

"అలాంటి లక్ష్యానికి నా దగ్గర రంగు కాగితం లేదు తాతా." అని, నా వైపు తిరిగాడు. "ఏం మామా, నీ మేనల్లుడి బండి ఏమంటోంది?"

"బండి బాగానే ఉంది, దాని మీద కూర్చునేవాడికే వయసొచ్చింది" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదక్కా. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో జోకులేస్తాను, అసలు విషయం ఇద్దరికీ అందకుండా పోతుంది.

మా బళ్ళకి ప్రతి చక్రం దగ్గరా ఒక పల్చని ఇనప రేకు ఉంటుంది. బ్రేకు నొక్కితే రెండు చిన్న బిళ్ళలు దాన్ని రెండువైపులా పట్టుకుంటాయి. వాటినే ప్యాడ్లంటాం. బ్రేకు వాడిన కొద్దీ అవి అరుగుతాయి. రేసు అయిన ప్రతిసారీ నేను వాటిని ఊడదీసి, ఎంత మందం మిగిలిందో కొలిచి పుస్తకంలో రాయాలి. కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమ చేతిది వెనక చక్రానికి. వాడు కోలుకుని మళ్ళీ బండెక్కినప్పటి నుంచి ముందు ప్యాడ్లు వారానికోసారి పూర్తిగా అరిగిపోతున్నాయి. వెనకవి మాత్రం అంగట్లోంచి తెచ్చినట్టే ఉంటున్నాయి.

ఒకసారి చూసి ఊరుకున్నాను. రెండోసారి చూసి తల గోక్కున్నాను. మూడోసారి కూర్చుండిపోయాను. వాడి ఎడమ చేతిలో పట్టు లేదక్కా. గేర్లకైతే వేలు తగిలితే చాలు, లోపలున్న చిన్న మోటారే మారుస్తుంది. బ్రేకుకి అలా కాదు, పిండాలి. వాడు పిండలేకపోతున్నాడు.

ఆ కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాశానంటే మర్నాడు డాక్టరు వాడి చెయ్యి పట్టుకుని చూస్తాడు, ఆ సాయంత్రానికే వాడి సంచి గుమ్మం బయట ఉంటుంది. పదిహేడేళ్ళ నుంచి తొక్కుతున్నవాణ్ణి అలా పంపేస్తారా? అందుకని రెండో మెకానిక్ భోజనానికి వెళ్ళగానే, గరుకు కాగితం నేల మీద పరిచి కొత్తగా ఉన్న ఆ వెనక ప్యాడ్లని రుద్దాను. ముందువాటికి సరిపడా అరిగే దాకా రుద్ది, కొలిచి, అందంగా రాశాను. ఏడాదిన్నర నుంచి అదే పని. నాకు తెలిసిన సంగతి వాడికి తెలీదు. వాడు నాకు చెప్పలేదు, నేను వాణ్ణి అడగలేదు.

నీ తమ్ముడు

(కాగితం మీద మరక నూనెదే. కన్నీళ్ళు అంత నల్లగా ఉండవు.)

*

అక్కా,

నీ జాబు రాలేదు. కోపమొచ్చిందా, కుట్టు మిషను మీద పని ఎక్కువైందా? కోపమే అయితే ఇంకొంచెం దాచి ఉంచు, ఈ ఉత్తరం చదివాక ఎలాగూ పనికొస్తుంది.

వాడు బతిమాలగా బతిమాలగా డైరెక్టరు ఒక షరతు పెట్టాడు. చలి తగ్గాక వారం రోజుల రేసు ఒకటుంది. దాని ఆఖరి రోజు నిటారు దిగుడు. అది గడువులోపల దిగితే కొండల రేసుకి పంపుతాను, లేకపోతే నోరెత్తకు అన్నాడు.

ఆ రోజు పొద్దున్నించీ వాన. నేను ఒళ్ళో స్పేరు చక్రం పెట్టుకుని డైరెక్టరు కారులో వెనకాలే ఉన్నాను. వాడు దిగుతుంటే చూశాను. ప్రతి మలుపుకీ అందరికన్నా చాలా ముందే నడుం ఎత్తి, ఛాతీ విప్పి, గాలిని తగలనిచ్చి వేగం తగ్గించుకుంటున్నాడు. ఆ తరవాత కుడి చెయ్యి. ఎడమ చెయ్యి హ్యాండిలు మీద అలంకారానికి ఉన్నట్టు ఉంది. తడి రోడ్డు మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారుతుంది, ఒకసారి జారాక ఇక చెయ్యగలిగేది ఏమీ ఉండదు. పంతొమ్మిది మలుపులక్కా. ఒక్కో మలుపుకీ ఒళ్ళో చక్రాన్ని నేను బ్రేకులా పిండాను. "ఏం మామా, చలా?" అన్నాడు డైరెక్టరు. "కారు హీటరు బాగా లేదు" అన్నాను. హీటరు దెబ్బకి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

పదకొండు నిమిషాలు వెనకబడి చేరాడు. కానీ గడువులోపలే.

సాయంత్రం డైరెక్టరు మా మెకానిక్కుల లారీ దగ్గరికొచ్చి కొలతల పుస్తకం అడిగాడు. ఇంతకు ముందు ఎప్పుడూ అడగలేదు. పేజీలు తిరగేశాడు, మొహం వెలిగింది. "చూశావా మామా, ముందూ వెనకా సమానంగా అరిగాయి. భయపడేవాడు ఇలా సర్దుకుని బ్రేకు వాడడు. మనిషి చెయ్యి బాగుందో లేదో మనిషి చెప్పకపోయినా ప్యాడ్లు చెప్తాయి."

అని, లారీలోనే ఉన్న బోర్డు మీద ఎండాకాలం గడిలో పచ్చ కాగితం అంటించాడు. నీ కొడుకు పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నాడు. కుడి చేత్తో.

వాడి ఉద్యోగం నిలబెడదామని రుద్దిన ప్యాడ్లు, ఇప్పుడు వాణ్ణి ఆ కనుమ మీదికి పంపిస్తున్నాయి. ఇరవై నాలుగు కిలోమీటర్ల దిగుడు, ఒక్క బ్రేకు. డైరెక్టరు బాగా చూసి, బాగా ఆలోచించి, సరైన మనిషినే అడిగి నిర్ణయించాడు. తప్పు ఎక్కడుందంటే ఆ సరైన మనిషిలో ఉంది.

ఏమన్నా రాయక్కా. తిట్టినా పరవాలేదు.

నీ తమ్ముడు

*

అక్కా,

నీ జాబు అందింది. నేను ఎనిమిది పేజీలు రాస్తే నువ్వు నాలుగు ముక్కలు రాశావు. "వాడు నాలుగు చొక్కాలకి బొత్తాలు తీసి జిప్పులు కుట్టమని తెచ్చినప్పుడే నాకు చెయ్యి సంగతి అర్థమైందిరా. కుట్టిచ్చాను. ఎందుకురా అని అడగలేదు. నువ్వైనా అడుగు."

నీకు ఉత్తరాలు రాసేటప్పుడు కూర్చునే బకెట్టు బోర్లించుకుని, దాని మీద కూర్చుని మళ్ళీ చదివాను. నువ్వు జిప్పులు కుట్టావు, నేను ప్యాడ్లు రుద్దాను. ఒక కడుపున పుట్టామని ఎవరూ సాక్ష్యం చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం వాడి గదికి వెళ్ళాను. వాడు మంచం మీద పడుకుని కాళ్ళు గోడకి ఆనించి ఉన్నాడు. తలగడ పక్కన క్యాలెండరు, కొండల రేసుకి ఇంకా ఎన్ని రోజులో లెక్కపెడుతూ చుట్టిన సున్నాలు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి వాడి ఛాతీ మీద పెట్టాను. అందులో వెనక ప్యాడ్లు రెండు. ఒకటి వాడి బండిలోంచి తీసింది తీసినట్టే, ఒకటి నేను రుద్దింది.

"ఏంటి మామయ్యా, బహుమానమా?"

"నీ ఎడమ చెయ్యి ఎన్నాళ్ళయిందిరా పని చేసి?"

వాడు పెట్టె తెరిచి చూశాడు. కాళ్ళు దించి లేచి కూర్చున్నాడు. "నీకు తెలుసుగా" అన్నాడు.

"నాకు తెలుసని నీకెవరు చెప్పారు?"

"నేను నొక్కని బ్రేకు అరిగిపోతుంటే ఎవరు అరగదీస్తున్నారనుకోమంటావు? ఎలకలా?"

"మరి నాతో ఒక్క మాట అనలేదేంరా?"

"నువ్వు అంటావని చూశాను. ఇవాళ అంటావు, రేపు అంటావు అనుకున్నా. నువ్వు అనలేదు. సరే, నీ చేతులతో బండి బిగించి ఇస్తున్నావంటే దిగగలనని నీ లెక్క అనుకున్నా. నాకు ఆరేళ్ళప్పుడు సైకిలు వెనక సీటు పట్టుకుని పరిగెత్తావు గదా. నువ్వు వదిలేశావంటే నాకొచ్చేసిందని అర్థం. ఇప్పుడూ అంతే అనుకున్నా మామయ్యా."

అక్కా, వాడికి ఇష్టమని నేను రుద్దాను. నేను సరేనన్నానని వాడు తొక్కాడు. వాడు నా మీద భరోసాతో ఆ పంతొమ్మిది మలుపులూ దిగుతుంటే, నేను వెనక కారులో కూర్చుని చక్రం పిండాను.

"నేను వద్దంటే?" అన్నాను.

"ఆ రోజే ఆపేసేవాణ్ణి."

"అయితే ఇప్పుడంటున్నాను. వద్దురా."

వాడు ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాడు. చివరి రెండూ ముడవలేదు. "ఇంత చిన్న మాటకి ఏడాదిన్నర పట్టిందా నీకు?" అని ఏడ్చాడు. నేనొక జోకు కోసం వెతికాను. దొరకలేదు.

ఇద్దరం కలిసే వెళ్ళాం డైరెక్టరు దగ్గరికి. పుస్తకం ఆయన ముందు పెట్టి, "ఇందులో వెనక ప్యాడ్ల కొలతలన్నీ నావి, బండివి కావు" అని మొత్తం చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పుస్తకం మూసి దాని మీద చెయ్యి పెట్టి, "వాడు ఆ కనుమలో పడి ఉంటే, పంపించింది నేనయ్యేవాణ్ణి మామా" అన్నాడు. అరిచినా బాగుండేది.

రేపటి నుంచి పుస్తకం రెండో మెకానిక్‌ది. నేను బళ్ళు కడుగుతాను, అదీ సీజను అయ్యేవరకే. ఆ తరవాత సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగకపోవడం నాకు అలవాటే గదా. వాణ్ణి డాక్టరు చూశాడు. భుజం దగ్గర నరం నలిగిందట. సీజను అయ్యాక ఆపరేషను, పట్టు మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు.

డైరెక్టరు పచ్చ కాగితం పీకేశాడు. ఖాళీ అయిన గడి మీద వాడు మళ్ళీ వేలు పెట్టి, "ఎక్కడానికి బ్రేకు అక్కర్లేదు గదా?" అన్నాడు.

"ఏమంటున్నావు?" అన్నాడు డైరెక్టరు.

"అదే కనుమకి కింద నుంచి పైకి ఒక్కరోజు పందెం ఉంది. ఒక్కొక్కళ్ళే బయల్దేరతారు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు వరకూ ఎక్కుడే. పైకి చేరితే అయిపోయినట్టే."

"ఆ పందానికి వెళ్తానని ఇన్నేళ్ళలో ఎవడూ నన్ను అడగలేదు. ఒళ్ళు హూనం తప్ప ఏమీ రాదు."

"ఇందాక డాక్టర్ని అడిగాను. ఎక్కడం వరకూ సరేనన్నాడు. అంటించండి."

ఆయన డాక్టరుకి ఫోను చేశాడు. అంటించాడు.

నీ తమ్ముడు

*

అక్కా,

ఇది కనుమ పైనుంచే రాస్తున్నాను. బకెట్టు తెచ్చుకోలేదు, రాయి మీద కూర్చున్నాను. గాలికి కాగితం ఎగురుతోంది, అక్షరాలు వంకరగా ఉంటే దాన్ని తిట్టు.

తొంభై మందిలో ముప్పై నాలుగో వాడు నీ కొడుకు. గీత దాటి నా మీదికి వాలిపోయాడు. కోటు కప్పి, మొహం తుడిచి, నీళ్ళు తాగించి, ఇక ఉండబట్టలేక అడిగాను. "మూడో మలుపు దగ్గర ఏమనిపించిందిరా?"

"ఎక్కేటప్పుడు అది మూడోది కాదు మామయ్యా, ఆఖరి నుంచి మూడోది. అప్పటికి ఊపిరే లేదు, ఇంక భయపడే తీరికెక్కడిది?"

నేనైతే పొద్దున కారులో వస్తూ ఆ మలుపు చూశాను. రోడ్డు అంచు గోడకి కొత్త రాళ్ళు పెట్టారు. పాతవాటి పక్కన తెల్లగా తెలిసిపోతున్నాయి. కళ్ళు మూసుకున్నాను.

వాడు మొహాన నవ్వుతోనే ఉన్నాడు గానీ మధ్యమధ్య ఎటో చూస్తున్నాడు. ఇక తొక్కడు గదా. ఆపరేషను వచ్చే నెల. అప్పటిదాకా జిప్పులు విప్పకు. ఒకవేళ మళ్ళీ బొత్తాలే కుట్టమంటే, ఈసారి కుట్టే ముందు ఎందుకురా అని అడుగు. సంతోషంగా చెప్తాడు.

కింద డైరెక్టరు హారను మోగిస్తున్నాడు. కారు పైన బండికి చోటుంది, లోపల మా ఇద్దరికీ చోటుంది. అయినా వీడు బండి దింపి రోడ్డు మధ్యలో నిలబడి, "మామయ్యా, రాసింది చాలు, రా" అని కేకేస్తున్నాడు. కారు వద్దట. మూడో మలుపు దాకా బండి నడిపించుకుంటూ దిగుదామంటున్నాడు. కుడి బ్రేకు తను పట్టుకుంటాడట, ఎడమది నన్ను పట్టుకోమంటున్నాడు.

నీ తమ్ముడు