మీటరున్నర

అమ్మడూ,

ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. నా కోపం కూడా క్షేమంగానే ఉంది, పొద్దున్నుంచి ఇసుమంతైనా తగ్గలేదు. ఫోను చేయొచ్చు కదా అంటావేమో. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. అందుకే నీ పడవ తెచ్చిన వ్యాను డ్రైవరును భోజనానికి కూర్చోబెట్టి, అతను తినేలోపు ఇది రాస్తున్నాను. రేపు, మంగళవారం పొద్దున్నకల్లా నీ చేతికిస్తానన్నాడు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ నాన్న మోకాలు నయం. ఇంట్లో మెట్లెక్కలేనంటాడు కానీ, తెల్లవారుజామున క్లబ్బు షెడ్డుకు నీ కాటమరాన్ వచ్చిందనగానే నాకంటే ముందు పరిగెత్తాడు. రెండు సన్నటి పడవలనూ జోడించి, తెరచాప కొయ్య నిలబెట్టేదాకా కూర్చోలేదు. దారిలో ఎక్కడా గీత కూడా పడలేదు. నువ్వు పంపమన్న చలికోటు వ్యానులోనే పెడుతున్నాను.

బోర్డులు ఎలా ఉన్నాయమ్మా అని అడిగావు. అబ్బురంగా ఉన్నాయి. పడవ అడుగు నుంచి నీళ్ళలోకి దిగే పలకను, అదే ఆ బోర్డును, పైనుంచే గాడిలోకి దించాలని రూలు పెట్టినవాళ్ళు, ఇక ఎవరూ వంకర బోర్డు పెట్టలేరని ఇన్నేళ్ళూ ధీమాగా ఉన్నారు. నువ్వేమో మోచేయిలా వంచిన బోర్డును, బిగుతు చొక్కాలో చేయి దూర్చినట్టు అటు తిప్పి ఇటు తిప్పి పైనుంచే దించేశావు. గాలి పట్టుకుంటే ఆ బోర్డుల మీద పడవ నీళ్ళు వదిలి లేస్తుందని రాశావు. నమ్ముతున్నాను. నేనే దించి చూశాను, నాలుగోసారికి ఒడుపు దొరికింది.

మా పడవ పందాల క్లబ్బు కమిటీకి అదే మింగుడుపడలేదు. అధ్యక్షుడు తెలుసుగా, చొక్కా నలగని మనిషి, మనం ఇస్త్రీ అని పిలుచుకుంటామే ఆయన. మూడేళ్ళుగా కప్పు ఆయన అల్లుడిదే. ఇవాళ పొద్దున్నే వచ్చి, నీ పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి వెళ్ళిపోయాడు. గంటలో ఒక కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. బోర్డు ఎక్కడా వంగకూడదని కొత్త రూలు. కింద పోయిన నెల తేదీ. కొలతల అధికారిగా నేను సంతకం పెట్టాలట.

“ఈ సిరా ఇంకా ఆరనేలేదండీ, పోయిన నెల ఎప్పుడు రాశారు?” అన్నాను.

“మీ అమ్మాయి పడవ కాబట్టే కదమ్మా ఇంత పట్టుదల?”

“మా అమ్మాయి పడవ కాబట్టే కదండీ మీకింత తొందర?”

కాగితం మడిచి ఆయన జేబులోనే పెట్టాను. చొక్కా నలిగింది. మీ నాన్న దగ్గు నటిస్తూ బయటికి పోయి నవ్వుకున్నాడు.

దాంతో నన్ను తీసేశారు. ఈ క్షణమే లేవమన్నారు కానీ, అధికారిని మార్చాలంటే మూడు రోజులు ముందుగా నోటీసివ్వాలన్న వాళ్ళ రూలునే వాళ్ళకు చదివి వినిపించాను. శుక్రవారం నుంచి ఆ బల్ల దగ్గర ఇస్త్రీ అల్లుడి స్నేహితుడు కూర్చుంటాడు. గురువారం ఐదింటిదాకా బల్ల నాది. ఆలోపు నేను ముద్ర వేసిన పత్రం ఈ సీజనంతా చెల్లుతుంది, ఆదివారం పందెంలో నిన్నెవరూ ఆపలేరు. నాకోసం బాధపడకు. నాకు బాధ లేదు, కోపమే ఉంది.

‘నువ్వు పందాలు ఎందుకు మానేశావమ్మా’ అని పోయిన ఉత్తరంలో మళ్ళీ అడిగావు. నడుంనొప్పని ఇన్నాళ్ళూ చెప్పాను. నా నడుము నిక్షేపంగా ఉంది. నువ్వు పుట్టకముందు, నా పడవ చుక్కానికి అడుగున చిన్న రెక్క అతికించాను. అలల్లో పడవ ముక్కు మునగకుండా అది పట్టుకునేది. రెండు పందాలు గెలిచాక ఇలాంటి కాగితమే వచ్చింది, ఇలాగే పాత తేదీతో. అందరి ముందూ రంపం నా చేతికే ఇచ్చారు. కోసేశాను. గొడవెందుకులే అని నవ్వుతూ కోశాను. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. పడవను చూశాక పుట్టిన రూలుతో ఇంకెవరినీ కొలవనివ్వకూడదనే ఆ తర్వాత ఈ టేపు పట్టుకున్నాను.

ఇక ఇంతసేపూ రాయలేక దాటవేసిన మాట రాస్తున్నాను. అమ్మడూ, నీ పడవను నేను పాస్ చేయలేదు.

వంకర గురించి కాదు. దించాక రెండు బోర్డుల కొసల మధ్య మీటరున్నర దూరం ఉండాలి. ఇది నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్న రూలు. నీవి లోపలికి వంగి నాలుగు మిల్లీమీటర్లు దగ్గరికొచ్చాయి. టేపు అవతలి కొస మీ నాన్నతో పట్టించి మూడుసార్లు కొలిచాను. మూడోసారి ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో కొసనూ రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే చాలు, పది నిమిషాల పని. మీ నాన్న టీకి వెళ్ళాక షెడ్డులో ఎవరూ లేరు. శాండ్‌పేపరు ముక్క చేతిలోకి తీసుకున్నాను. అబద్ధమెందుకు, బోర్డు మీద ఆనించాను కూడా. ఆ ముక్కతో నేనే అరగదీస్తే, నా సంతకానికీ ఇస్త్రీ పాత తేదీకీ తేడా ఏముంటుంది? చెత్తబుట్టలో పారేసి, పత్రం మీద ‘ఫెయిల్’ అని రాశాను. ఎర్ర సిరాతోనే రాశాను.

తిట్టుకో. కానీ తిట్టుకుంటూనే బట్టలు సర్దు. సెలవు శుక్రవారం నుంచన్నావు, ముందుకు జరుపుకో. వాళ్ళు ఇవ్వం అంటే పోట్లాడు, మన వంశంలో అది కొత్తేమీ కాదు. నీ చేత్తోనే అరగదీయి, నా ఎదురుగా అరగదీయి. అర మిల్లీమీటరు తక్కువున్నా మళ్ళీ ఫెయిలే రాస్తాను, ముందే చెబుతున్నాను. సరిపోయిందా, ఇస్త్రీని పిలిపించి, ఆయన కళ్ళముందే ముద్ర గుద్దుతాను. బల్ల దగ్గర మాత్రం నన్ను అమ్మా అనకు. మేడమ్ అను.

డ్రైవరు చేయి కడుక్కుంటున్నాడు. ఉంటాను.

ఇట్లు,
గురువారం ఐదింటిదాకా కొలతల అధికారి,
ఐదు దాటాక
నీ అమ్మ