పెడల్‌కి ఇద్దరు సాక్షులు

మార్చి 9, ఆదివారం

అన్నయ్యకు,

చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నామని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. వదినకు నమస్కారాలు, పిల్లకు ముద్దులు. నీకేం పంపాలో తోచక ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోన్ చేస్తే మాట దాటేస్తావని తెలుసు.

ముందు కబుర్లు. కారు గుద్దుకుని కాలు విరిగిన టైలర్ గారికి కట్టు విప్పారు. చేతికర్రతో ఇంట్లో నాలుగడుగులు వేస్తున్నారు. మిషన్ తొక్కడానికి మాత్రం ఇంకా సమయం పడుతుందట. నేను వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పిస్తారు, పల్లెత్తు మాట అనరు. ఆ టీ సగంలోనే వదిలేసి వస్తాను. ఇక డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు నన్ను బండి ఎక్కనివ్వడం లేదు. ఊళ్ళో సగం మందికి బ్రేకేదో యాక్సిలరేటరేదో నేర్పినదాన్ని, ఇప్పుడు ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. బుధవారం రవాణా ఆఫీసులో విచారణ. నేర్పే లైసెన్స్ నాకు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది.

మెకానిక్‌గా నువ్వు ఆ ఆఫీసువాళ్ళకి చెప్పిన మాట నాకు చేరింది. బండిలో ఏ లోపమూ లేదని, కొత్త యాక్సిలరేటర్ పెడల్ వేసి పంపానని, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసి ఉంటుందని చెప్పావు. అంతటితో ఆగావా? వదిన పుట్టింటివాళ్ళంతా భోజనాలకి కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినా మా చెల్లికి ఏ పెడల్ ఏదో తెలియలేదని నవ్వావు. అందరూ నవ్వారు. నేను తల దించుకుని అన్నం కెలుకుతూ కూర్చున్నాను. తప్పు కాలిదేనని నేనూ నమ్మాను మరి.

నిన్న మీ గురువుగారి షెడ్డుకి వెళ్ళాను. నీకు వైరింగ్ పని నేర్పిన గురువుగారే. గుద్దుకున్న కారు అక్కడే ఉంది. ఆయన పెడల్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి స్టూలు జరిపారు.

అడగ్గా అడగ్గా చెప్పారు. పాత బండ్లలో పెడల్ నుంచి ఇంజిన్ దాకా కేబుల్ ఉండేది, తొక్కితే లాగేది. ఈ బండిలో కేబుల్ లేదు. కాలు ఎంత నొక్కిందో కనిపెట్టి పెడల్ కంప్యూటర్‌కి కబురు పంపుతుంది, ఇంజిన్‌కి ఎంత గాలి వదలాలో అది నిర్ణయిస్తుంది. కబురు పంపే సెన్సర్ ఒక్కటే అయితే, అది పాడైన రోజున దిక్కెవరు? అందుకని లోపల రెండు పెడతారు, దేని వైర్లు దానివే. ఒకటి ఎంత వోల్టేజీ పంపితే రెండోది అందులో సగం పంపాలి. ఇద్దరు సాక్షుల మాటా కలిస్తేనే కంప్యూటర్ నమ్ముతుంది. కలవకపోతే డ్రైవర్ ఎదుట హెచ్చరిక లైటు వెలిగించి, బండిని నత్తనడక నడిపిస్తుంది. ఆ లైటు వెలిగిందనే కదా నేను నీ దగ్గరికి బండి తెచ్చాను. ఒక సెన్సర్ పోయింది, బండి తన పని తాను సరిగ్గానే చేసింది.

నువ్వు కొత్త పెడల్ వెయ్యలేదు. పోయిన సెన్సర్ వైరు కోసేసి, బాగున్నదాని వైరు నుంచే ఇంకో కొమ్మ లాగి, చిన్న రెసిస్టర్లు పెట్టి సగం చేసి అతికించావు. సాక్షి ఒక్కడే, గొంతు మార్చి రెండుసార్లు చెప్పాడు. ఇక లెక్క ఎప్పుడూ కలుస్తుంది, లైటు ఎప్పుడూ వెలగదు. కొన్నాళ్ళకి ఆ మిగిలినదాని ఎర్త్ వైరు వదులైంది. కాలు మెల్లగా ఆనించినా గట్టిగా తొక్కినట్టు కబురు వెళ్ళింది. కాదనడానికి రెండోది లేదు. బండి ఒక్క ఊపులో టైలర్ గారి షట్టర్ మీదికి పోయింది.

ఇది ఎవరి పని అని నేను అడగలేదు. గురువుగారే అతుకు మీద చుట్టిన నల్ల టేపు చివర చూపించారు. తర్వాత విప్పేవాడికి గోరు దొరకాలని ఆ చివర కాస్త మడిచి వదలడం ఆయన నేర్పిన అలవాటట. నేర్చుకున్నవాళ్ళలో దాన్ని మరచిపోనివాడివి నువ్వొక్కడివేనని చెప్పి, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి గోరు గురించి అంత ఆలోచించావు. లోపల కూర్చునే సొంత మనుషులు నీకు గుర్తు రాలేదు.

కొత్త పెడల్ ఇంకా రాలేదని ఒక్క మాట చెబితే నేను బస్సెక్కేదాన్ని. చెల్లెలి దగ్గర చులకనైపోతానని అతుకు వేశావనుకో, తిట్టి ఊరుకునేదాన్ని. కానీ ఆసుపత్రి వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, కంగారులో కాలు తప్పుతుందమ్మా, ఎవరికైనా జరుగుతుంది అని ఓదార్చావు చూడు, అప్పటికే నీకు అసలు సంగతి తెలుసు. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతోంది. నా అన్నయ్యే నన్ను ముంచాడని పైకి అనడానికి నిన్న రాత్రంతా పట్టింది.

బుధవారం నువ్వే వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నువ్వు రాకపోతే గురువుగారు ఆ పెడల్ సంచిలో వేసుకుని వస్తానన్నారు. ఈ వయసులో ఆయన చేత నీ మీద చెప్పించకు.

ఇట్లు,
ఇంకా నీ చెల్లెలినే అయిన
నేను

తా.క.: ఇన్నాళ్ళూ నేనెందుకు నోరెత్తలేదో కూడా విను. ఆ ఉదయం బండి నడిపింది నేను కాదు, నీ కూతురు. లెర్నర్ లైసెన్స్ వచ్చింది కదా, పూర్తిగా నేర్చుకుని నాన్నకి ఒక్కసారే చూపిస్తానని నా దగ్గర నేర్చుకుంటోంది. అది నా సొంత కారు, స్కూల్ బండిలా నా వైపు బ్రేకు లేదు. టైలర్ గారు మాకు వీపు పెట్టి షట్టర్ ఎత్తుతున్నారు. జనం చేరేలోపు దాన్ని దింపి ఇంటికి పంపించి, నేను ఆ సీట్లో కూర్చున్నాను. ఒక మనిషి కాలు విరగ్గొట్టిందన్న పేరు దానికి రాకూడదనుకున్నాను. బుధవారం ఈ సంగతి కూడా చెప్పేస్తాను. నువ్వు భోజనాల దగ్గర నవ్వినప్పుడు అది పళ్ళెం వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. తన కాలే తప్పిందని అది ఇప్పటికీ ఏడుస్తోంది. కాదని నేను ఇంకా చెప్పలేదు. ఆ మాట దానికి నువ్వే చెప్పాలి.