పానా చెప్పింది

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేను ఖమ్మంలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను.

బొగ్గుబావి పైనున్న పంపుకు పానా ఒక కొన ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని నువ్వు కళ్లు మూసుకునేవాడివి. "గట్ల మొక్కుతున్నవేంది నాయినా?" అని చిన్నప్పుడు అడిగాను.

"మొక్కుడు కాదు బిడ్డా. లోపల నొప్పేందో చెప్తది, ఇంటున్న" అన్నావు. నేను నవ్వాను.

ఇవాళ కాలేజీ వర్క్‌షాపులో మోటారు తేడాగా తిరుగుతుంటే నీ పానానే చెవికి పెట్టుకున్నాను. అంత హోరులోనూ ఇసుక నమిలినట్టు సన్నటి గరగర వినిపించింది. "బేరింగ్ పోతాంది సార్" అన్నాను.

విప్పి చూస్తే ఒక్క గోళీ మీద ఆవగింజంత గంటు ఉంది. అంత చిన్న గంటు అంత ఇనుములోంచి నా చెవిదాకా వచ్చింది. నువ్వు రోజూ విన్నది ఇదా?

పానా కింద పెట్టబోయి, నేను మాత్రం మొక్కాను.