చక్రాల పెట్టె తిరిగిచ్చేయండి

ఏమండీ, పనికి వెళ్తున్నాను. మధ్యాహ్నం షాపతను వస్తాడు. కొన్నాళ్లు వాడి చూడమని అతనిచ్చిన పనిముట్ల పెట్టెల్లో చక్రాలున్న ఎర్రది తిరిగిచ్చేయండి. మొన్న మెట్ల మీద నా చెయ్యి జారి, నాకంటే ముందే దిగి ఇంటి ఓనరుగారి కాళ్ల మీద పడింది. ఒకదాని మీద ఒకటి బిగుసుకునే నల్ల పెట్టెలు ఉంచేసుకుందాం, నా కరెంటు పనికి అవే నయం.

కాకపోతే పై పెట్టె తనదేనని మీ అమ్మగారు ఖాయం చేసేసుకున్నారు. నిన్న కస్టమర్ ముందు టెస్టర్ కోసం మూత తీస్తే ఆవిడ కట్టుడు పళ్లు ఇకిలించాయి. మీరే చెప్పండి, నాకంత ధైర్యం లేదు.

ఇంకోమాట. కింది పెట్టెలో స్క్రూలన్నీ మీరే సర్దారట కదా! ఒక్కటీ ఉండాల్సిన అరలో లేదు. అయినా ముచ్చటేసి, అలాగే పట్టుకెళ్తున్నాను.