ఎంత వెడల్పుది కొనాలి

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నీ ట్రాక్టరూ. నాకు మోకాళ్ళ నొప్పి, దానికి బ్యాటరీ నొప్పి. పొద్దున్నే ఇద్దరం నాలుగుసార్లు మూలిగితే గానీ లేవం. నీ ఎడమకాలి బొటనవేలు కదులుతోందని రాశావు. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. నడక నేర్పే ఆవిడ నిన్ను కసురుతోందట కదా, కసరనీ. నిన్ను కసిరే మనిషి ఒకరుండాలని యాభై ఏళ్ళుగా అనుకుంటున్నాను, నాకెప్పుడూ ధైర్యం చాలలేదు.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. కలుపు కోతయంత్రం ఎంత వెడల్పుది కొంటున్నావు? చెట్ల నీడలో కలుపు అంత ఏపుగా ఎలా పెరిగింది? ఈసారి నిమ్మ పూత ఎలా ఉంది? వరసగా చెబుతాను. నా వరస నీకు తెలిసిందే, మధ్యలో దారి తప్పితే తప్పనీ. ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు అరుస్తావు, నేను 'ఆఁ? ఆఁ?' అంటాను, దారిన పోయేవాళ్ళు పోట్లాట అనుకుని ఆగుతారు.

ముందు యంత్రం. మన ట్రాక్టరుకి మరమ్మతులు చేసే మెకానిక్కుని, అదే మన స్పానరుని, వెంటబెట్టుకుని యంత్రాల దుకాణానికి వెళ్ళాను. వెళ్ళేముందు వాళ్ళ కేటలాగు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. నలభై ఏళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దినవాడి చేతిలో కేటలాగు పెడితే ఏమవుతుంది? ముప్ఫై రెండు పేజీల్లో పదిహేడు తప్పులు దొరికాయి. 'గేరుపెట్టెకు రెండేళ్ళ హామీ' అని ఉండాల్సిన చోట 'రెండేళ్ళ హాని' అని వేశారు. అన్నీ ఎర్ర పెన్సిలుతో దిద్ది దుకాణం ఆయనకిచ్చాను. నన్ను కంపెనీ తనిఖీ మనిషి అనుకుని కాఫీ తెప్పించాడు. తాగేశాక నిజం చెప్పాను.

"ట్రాక్టరు ఎన్ని హెచ్.పి. అండీ?" అన్నాడు.

"ఇరవై నాలుగు," అన్నాను, నేనే కని పెంచినట్టు.

"అది ఇంజను లెక్క. వెనక షాఫ్టు దగ్గరికొచ్చేసరికి పంతొమ్మిదే మిగులుతుంది. కోతయంత్రాన్ని తిప్పేది ఆ పంతొమ్మిదే. అడుగు వెడల్పుకి సుమారు నాలుగున్నర వేసుకోండి. నాలుగడుగులది తిప్పుతుంది. అయిదడుగులది తగిలిస్తే ఎత్తు కలుపులో ఆయాసమొచ్చి ఆగిపోతుంది."

"ఈయనా అంతే," అన్నాడు స్పానరు నన్ను చూపిస్తూ. "మా షెడ్డు మెట్లెక్కితే రెండో మెట్టు మీద ఆగిపోతాడు."

వెనక చక్రాల వెడల్పు కొలిచి రమ్మన్నావు, కొలిచాను. ఈ అంచు నుంచి ఆ అంచుకి నలభై నాలుగు అంగుళాలు. నాలుగడుగుల యంత్రమంటే నలభై ఎనిమిది. చక్రం తొక్కిన గడ్డి కూడా కత్తి కిందికి వస్తుంది. అడుగున బోర్లించిన పళ్ళెం లాంటిదొకటి ఉంటుంది, మొద్దు అడ్డమొస్తే దాని మీదుగా జారి దాటిపోతుందట. కత్తులు బిగించేసి ఉండవు, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. బొటనవేలి లావు కొమ్మలదాకా కోస్తుంది, అంతకన్నా లావు మాను జోలికి వెళ్ళకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది షాఫ్టులో ఉండే ఒక మెత్తటి బోల్టు. గట్టి దెబ్బ తగిలితే ముందు అది తెగుతుంది, గేరుపెట్టె బతికిపోతుంది. తెగడానికే పెడతారట దాన్ని. మనింట్లో ఆ ఉద్యోగం నీది. నాన్న పోయినప్పుడు బడి మానేసి పొలం పట్టింది నువ్వు, నేను ప్రెస్సుకి పోయి పెద్దపెద్దవాళ్ళు రాసిన పుస్తకాలు చదువుకుంటూ జీతం తీసుకున్నాను. వయసులో పెద్దవాణ్ణి, తెగింది మాత్రం నువ్వు. దుకాణంలో ఇదంతా ఆలోచిస్తూ బోల్టు చేతిలో తిప్పుతుంటే ఆయన, "అది విడిగా అమ్మమండీ," అన్నాడు.

తరవాత ఒక ప్రశ్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

"వరసకీ వరసకీ మధ్య ఎంత ఎడం ఉంది? కింది కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయి? చెట్టు గీసుకోకూడదు కదా."

జవాబు నా జేబులోనే ఉంది, నువ్వు రాసి పంపిందే. పదహారడుగుల ఎడం, కింది కొమ్మలు మోకాలి ఎత్తు, మానుకి గీత పడినా ఊరుకోను. చదివి వినిపించబోయి, కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. స్పానరు నా మొహం చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు.

"నాలుగడుగులది పక్కన పెట్టండి, మళ్ళీ వస్తాం," అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"ఇంకా రాయలేదా ఆవిడకి?"

"రాస్తాను."

"రెండు నెలల్నించీ అదే మాట. ఈసారి నువ్వు రాయకపోతే నేనే రాస్తా. నా రాతలో తప్పులు చూసి గుండె ఆగి పోతావ్."

అందుకని రాస్తున్నాను. నీ రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ జవాబు ఒకటే. పూత లేదు. కలుపు చెట్ల నీడలో పెరగలేదు చెల్లాయ్, అక్కడ నీడ లేదు. నూట పన్నెండు చెట్లలో పచ్చగా ఉన్నవి నాలుగు. ఆ నాలుగూ పైగట్టు మీదివి, నా నీళ్ళ గొట్టం అందనివి.

నీకు గుర్తుండే ఉంటుంది. కాయలు కోస్తూ నిచ్చెన మీంచి పడి, నడుం ఆపరేషనై, ఆసుపత్రి మంచం మీంచే నాకొక ఉత్తరం రాశావు, తోట ఎలా చూసుకోవాలో. నాలుగు కాగితాలు, పడుకుని రాసిన కొక్కిరిబిక్కిరి అక్షరాలు. రెండో కాగితం చివరి వరసలో 'చెట్టు మొదట్లో నీళ్ళు ఎప్పుడూ నిలవనీ' అని ఉంది. అక్కడ కాగితం అయిపోయింది. మూడో కాగితం 'కు కలుపు సంగతి తరవాత రాస్తాను' అని మొదలైంది. వాక్యం చివర చుక్క పెట్టే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ లేదు. కలుపు అని రాయబోయి పొరపాటున కొమ్ము పెట్టావనుకున్నాను. ఎర్ర పెన్సిలు నా చెవి మీదే ఉంది. చెయ్యి ఊరుకోలేదు. 'కు' కొట్టేశాను.

కొట్టేసి, ఎనిమిది నెలలు నీ మాట జవదాటలేదు. ప్రతి చెట్టు చుట్టూ మడి కట్టి, నా నడుం విరిగేలా, ఎప్పుడూ నీళ్ళు నిలవనిచ్చాను. ఆకు పసుపు తిరిగితే నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పెట్టాను. మానుల మొదట్లో బంక కారితే అది బలమనుకున్నాను.

రెండు నెలల కిందట మొక్కలమ్మే నర్సరీ ఆయన అటు వచ్చి, మడిలోకి దిగి, బెరడు గోటితో లాగాడు. తడిసిన అట్టలా ఊడి వచ్చింది.

"మొదట్లో ఇంత నీళ్ళు ఎవరు నిలబెట్టమన్నారండీ?"

"తోట నాటిన మనిషే రాసింది. కావలిస్తే చూడు," అని ఉత్తరం తీసి ఆయన చేతికిచ్చాను. రుజువు చూపిస్తున్నానన్నమాట.

"నాకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కోవాలి," అంటూ వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. "ఎప్పు...డూ... ని...ల...వ...నీ..." కాగితం తిప్పాడు. "కు." తలెత్తి, "నిలవనీకు అనే ఉందిగా అయ్యా," అన్నాడు.

ఎర్ర గీత ఆయనకి కనపడలేదు. గీతంటే ఏమిటో తెలిసినవాడికే అది అడ్డం.

ఆ తరవాత నీకు రాసిన రెండు ఉత్తరాల్లోనూ 'చెట్లు బాగున్నాయి' అని రాశాను. అది చేతి పొరపాటు కాదు, తెలిసే రాశాను. నువ్వు వాటికోసమే ఆ నడక నేర్పే కడ్డీలు పట్టుకుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నావని తెలుసు. 'పూత సమయానికి తోటలో ఉంటాను' అని నువ్వు రాసిన ప్రతిసారీ నేనూ ఒక యంత్రం గురించి అడిగి నిన్ను ఊరించాను. ఈ ఉత్తరం మొదటి వరసలో క్షేమమన్నవాళ్ళలో చెట్లని కలపలేదు చూడు, ఈసారి అబద్ధానికి చెయ్యి రాలేదు.

నర్సరీ ఆయనతో పాటు ఇంకో ఇద్దరికి చూపించాను. వేరు పోయిందన్నారు, మందు లేదన్నారు. తెగులు నేలకీ పట్టింది, అక్కడే మళ్ళీ నిమ్మ నాటితే అదీ పోతుందట. పన్నెండేళ్ళ చెట్లు. మళ్ళీ పన్నెండేళ్ళు నీకు దొరుకుతాయేమో, నా దగ్గర మాత్రం లేవు.

ఇక నీ మొదటి ప్రశ్న. నాలుగడుగులదైతే మాను గీసుకోదని రాశావు. ఇప్పుడు ఎంత వెడల్పుది కొన్నా గీసుకోవడానికి ఏమీ లేదు. పోనీ ఎండిన చెట్లు తీసేయడానికైనా పనికొస్తుందా అంటే అదీ లేదు, వాటి మానులు నా ముంజేతి లావు. నువ్వు పెంచినవి మరి. కొనాలా వద్దా నువ్వే రాయి. ఏమీ రాయబుద్ధి కాకపోతే, అదీ జవాబే అనుకుంటాను.

ఆ మూడో కాగితం దీనితో పంపుతున్నాను. ఎర్ర గీత రబ్బరుతో చెరపబోతే కాగితం చిరిగేలా ఉంది, మానేశాను. అక్షరం కింద మూడు చుక్కలు పెట్టాను. కొట్టేసింది తప్పు, ఈ అక్షరం ఉండాలి అని చెప్పడానికి మా ప్రెస్సులో అలా పెట్టేవాళ్ళం. అచ్చు కాకముందైతే అది పనికొచ్చేది.

ఇట్లు,
నీ మాట సగం చదివిన
అన్నయ్య