దెయ్యాల కోటలో దర్జీ నోరు

సోమవారం, పొద్దున

నిర్ణయం: ఈ వారమంతా రోజుకో పాత దెయ్యాల సినిమా. నోరు విప్పకుండా.

దర్జీ కొట్టు మూసి ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి టీవీ చూస్తూ నేను ఊరికే మాట్లాడుతున్నానట. అందుకని మా ఆవిడ భోజనం కాగానే మేడ మీద వాటాలో ఉండే చెల్లెలి దగ్గరికి పోతోంది. టీ వేళకు గాని దిగదు. నిన్న మా అల్లుడు పెన్‌డ్రైవ్ నిండా నలుపు తెలుపు దెయ్యాల సినిమాలు వేసి ఇచ్చాడు. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం ఆదివారం ఆదివారం హాల్లో చూసినటువంటివే. శవపేటిక మూత కదిలిందంటే చాలు, చీకట్లో వచ్చి నా చెయ్యి పట్టుకునేది. ఆ గోటి గుర్తులు బుధవారం దాకా ఉండేవి. కొట్లో గుడ్డ కత్తిరిస్తూ వాటిని చూసుకుని మురిసిపోయేవాణ్ణి. అంత పిరికిది పాపం.

ఆ చెయ్యి మళ్ళీ కావాలి. ఈ ముక్క ఆవిడకు చెప్పలేదు. సినిమాల సంగతి మాత్రమే చెప్పాను. ఒక్క షరతు పెట్టింది: "మధ్యలో మాట్లాడారంటే లేచి పైకి పోతాను. మళ్ళీ పిలవకండి."

సోమవారం, సాయంత్రం

దిగ్విజయం. కర్టెన్లు దించాను. పల్లీలు వేయించి గిన్నెలో పోశాను. కోట, పొగమంచు, తోడేళ్ళ అరుపు. పేటిక మూత లేచింది. ఆవిడ చెయ్యి కూడా లేచింది. పల్లీల కోసం.

తొందరేముంది, మొదటి రోజేగా.

మంగళవారం

ఊరంతా హీరోని కోటకు వెళ్ళొద్దంటారు. అంటూనే బండి కట్టి, కిరాయి పుచ్చుకుని, సగం దారిలో దింపేస్తారు. అచ్చం మాకీ ఇల్లు చూపించిన బ్రోకరు పద్ధతి. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. తర్వాత కోట తలుపు కిర్రుమంది. మూడొందల ఏళ్ళుగా చావకుండా ఉన్నవాడికి మడతబందులో చుక్క నూనె వేసే తీరిక దొరకలేదా? అదీ మింగాను. మింగి మింగి దగ్గొచ్చింది.

ఆవిడ నా వైపు చూసింది. దగ్గు కూడా మాట కిందికి వస్తుందా అని అడగబోయి, అడగడం వస్తుందని గుర్తొచ్చి ఆగిపోయాను.

బుధవారం

హీరోయిన్ తెల్ల గౌను వేసుకుని ముళ్ళ అడవిలో పరిగెత్తింది, వానలో తడిసింది, సమాధిలో పడింది. లేచేసరికి గౌను మడత చెక్కుచెదరలేదు. నేను "ఇస్త్రీ" అన్నాను. అంతే. ఒక్క ముక్క. దాన్ని మాట్లాడటం అంటారా? ఏ కోర్టులోనూ నిలబడదు.

ఆవిడ పైకి పోలేదు గాని, సోఫాలోంచి లేచి కిటికీ పక్క కుర్చీలోకి మారింది. నా చేతికీ ఆ చేతికీ మధ్య ఇప్పుడొక టీ బల్ల.

గురువారం

గొంతు పట్టేసినట్టుంది. వాడకపోతే ఇలాగే అవుతుంది. పైగా నేను చెప్పేవి కబుర్లు కావు, పనికొచ్చే సంగతులు.

ఒకప్పుడు నాటకాల కంపెనీకి నేనూ ఓ దెయ్యం అంగీ కుట్టాను. నల్ల గుడ్డ, లోపల ఎర్ర శాటిన్ లైనింగు. దెయ్యం చేతులు చాచితే ఎరుపు భగ్గుమనాలి. వేసుకున్నవాడు పొట్టివాడు. అంగీ అంచు తొక్కుకుని నేరుగా హీరోయిన్ ఒళ్ళో పడ్డాడు. జనం మళ్ళీ పడమన్నారు. ఏం చెబుతున్నాను? ఆ, ఇదంతా సినిమా మధ్యలో చెప్పాను. ఆవిడ లేచి పోవడానికి వీల్లేదు, మా మరదలు వాటాకు తాళం వేసి ఇక్కడే అక్క పక్కన కూర్చుని ఉంది. అంతా విని మరదలు, "ఆ దెయ్యం నెత్తురు తాగి పోతుంది బావా. మీరు బుర్ర తిని కూడా పోరు" అంది.

అక్కాచెల్లెళ్ళు పడీ పడీ నవ్వారు. దెయ్యాల సినిమాకు విలువ లేకుండా పోయింది.

శుక్రవారం

సర్వనాశనం.

కోట దొర మెట్లు దిగుతున్నాడు. ఎదురుగా చూపినప్పుడు అంగీ కాలరు చెవులదాకా నిక్కి ఉంది. పక్కనుంచి చూపేసరికి తడిసిన కాకి రెక్కలా వాలిపోయింది. గంజి లేదు, లోపల నిలబెట్టే కాన్వాసు లేదు. మనిషన్నవాడు ఎంతకని ఊరుకుంటాడు? రిమోటుతో బొమ్మ ఆపాను. జేబులోంచి టేపు తీశాను. కాలరు ఎంత ఎత్తుండాలో ఆవిడకు చూపిద్దామని టీవీ మీద సుద్దతో గీత గీశాను.

వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీ. చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోతోంది.

శనివారం

ఒక్కణ్ణే చూశాను. ఒక్క మాటా మాట్లాడలేదు. సోమవారం తర్వాత నిర్ణయాన్ని అక్షరాలా పాటించింది ఈ రోజే.

దొర పేటికలోంచి లేచి, పొడవాటి బల్ల దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. మొదటిసారి వాడి కుట్టు చూడలేదు, మొహం చూశాను. అంత ఇంట్లో, వచ్చిన మనిషి పోకుండా ఉండాలంటే పాపం వాడికి తెలిసిన మార్గం కొరకడం ఒక్కటే.

సగంలో ఆపి పైకి వెళ్ళాను. తప్పయింది, ఇక నిజంగా మాట్లాడను, నీకు భయమేస్తే పట్టుకోవడానికి నా చెయ్యి ఉంటుంది అన్నాను. ఆవిడ చెల్లెలి వంక చూసింది. చెల్లెలు గోడ వంక చూసింది.

"భయమా? నాకా?" అంది ఆవిడ. "ఆ రోజుల్లో మాత్రం తక్కువ వాగారా మీరు? ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి తిరిగి చూసేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. మీ నోరు మూయించడానికి గిల్లేదాన్ని."

అంటే ఆ గుర్తులన్నీ, నేను కొట్లో కూర్చుని మురిసినవన్నీ, అవా. మరి ఇప్పుడెందుకు గిల్లవు అని అడిగాను.

"ఇప్పుడు ముందు వరస ఎక్కడుందండీ? ఎవరికోసం గిల్లను?"

కిందికి వచ్చాను. సోఫాకూ టీవీకీ మధ్య ఖాళీ జాగా కేసి చాలాసేపు చూశాను.

ఆదివారం

నిర్ణయం మళ్ళీ మొదలు. నోటికి తాళం. షరతులన్నీ పాతవే.

పొద్దున్నే మరదల్ని బతిమాలాను. అక్కను తనే లాక్కొచ్చింది. దగ్గరగా అయితే బాగా కనబడుతుందమ్మా అని మరదల్ని సోఫాకు సరిగ్గా ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మా ఆవిడ ఆ కుర్చీ వంక చూసి, నా వంక చూసి, మూతి బిగించి, వచ్చి సోఫాలో నా పక్కన కూర్చుంది.

కర్టెన్లు దించాను. పేటిక మూత లేచింది. లోపల పరిచింది శాటిన్ కాదని, ఎవరింటిదో పాత కర్టెనని నేను కాస్త గట్టిగానే చెప్పాను. ముందు వరస వెనక్కి తిరిగి ఉరిమి చూసింది.

ఇది కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచెయ్యి ఇంకా మండుతోంది. గుర్తులు లోతుగానే పడ్డాయి, బుధవారం దాకా ఢోకా లేదు.

రేపటి నుంచి మాత్రం ఒట్టు, ఒక్క మాట కూడా మాట్లాడను.