ఎండిపోని చెట్టు గింజలు

అక్కా, పేపర్లో చూసి కంగారు పడి ఉంటావు, చెట్టు మీంచి పడింది నేను కాదు.

కరువుకి ఇక్కడి అడవి చాలావరకు మాడిపోయింది. ఒక్క పెద్ద చెట్టు మాత్రం తట్టుకుని కాసింది. దాని మొక్కలైతే ఈ ఎండలకు నిలుస్తాయని నర్సరీవాళ్లు గింజల కోసం కాయలు కోయించారు. ఎక్కాల్సింది నేనే. నాకు జ్వరమని నా జతగాడు, ఆ పొడుగాయన, "నువ్వు కింద ఉండు, నేనెక్కుతాలే" అన్నాడు. ఇటువైపు కాయలు కోసి కింద పడేశాక, నడుముకి కట్టుకున్న తాడును ఇంకో పచ్చటి కొమ్మకు బిగించాడు. కొమ్మ లోపలంతా ఎండిపోయి ఉంది, తాడుతో సహా విరిగిపడింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

నిన్న ఆయన భార్య నర్సరీకి వచ్చింది. ఆ గింజలు నాటిన మట్టి సంచుల ముందు కూర్చుని, "ఇవి మొలుస్తాయా అన్నా?" అంది.

"మొలుస్తాయమ్మా" అన్నాను. మొలిచినా వానల్లేకుండా ఎన్ని బతుకుతాయో నాకూ తెలీదు.

అమ్మకు ఈ సంగతి చెప్పకు. నా పాత బూట్లు ఎవరిచేతైనా పంపు. బావగారి దగ్గు తగ్గిందా? బోరులో నీళ్లొస్తున్నాయా?

చెట్టుకి అవతలి వైపు కాయలు ఇంకా ఉన్నాయి. ఎక్కడానికి మిగతావాళ్లు రామన్నారు. సోమవారం నేనెక్కుతున్నాను. పెద్దలకు నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ తమ్ముడు